నీడల రిజిస్టర్: పరీక్షలో రాని ప్రశ్నతో మా హైస్కూలు పిల్లలు చేసిన పని (కేస్ స్టడీ)

నల్గొండకు దగ్గర్లోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు నావి. పిల్లల ఇళ్లలో ఎక్కువగా పత్తి, వరి సాగు. కొందరి తల్లిదండ్రులు కూలికి, మేస్త్రీ పనికి వెళ్తారు, కొందరు ఆటో నడుపుతారు. ఒక తొమ్మిదో తరగతితో జూన్‌లో మొదలుపెట్టి, ఆ పిల్లలు పదికి వెళ్లాక కూడా సాగిన ఒక పని గురించి ఇక్కడ రాస్తున్నాను. పని చాలా చిన్నది. మధ్యాహ్నం వేళ ఒక కర్ర నీడను కొలిచి రిజిస్టర్లో రాయడం, అంతే.

దీన్ని ఎందుకు ఎంచుకున్నానో ముందు చెప్పాలి. క్లాసులో సిలబస్ దాటి ఒక్క మాట చెప్పినా వెనక నుంచి వచ్చే మొదటి ప్రశ్న "సార్, ఇది పరీక్షల వస్తదా?" అనే. రాదంటే పెన్ను మూసేస్తారు. వాళ్లను తప్పు పట్టలేం. బిట్ పేపర్లు, క్వశ్చన్ బ్యాంకులు, ఇంపార్టెంట్ క్వశ్చన్ల మధ్య పెరిగిన పిల్లలు ఏది రాసుకోవాలో, ఏది వదిలేయాలో చాలా తెలివిగా నేర్చుకున్నారు. కుతూహలం లేదనడం అన్యాయం. బడి బయట వాళ్లు అడిగే ప్రశ్నలు వింటే ఆ సంగతి తెలుస్తుంది. బోరు మోటరు ఎందుకు కాలిందో, వానకు ముందు చీమలు గుడ్లు ఎందుకు మోస్తాయో వాళ్లకు కావాలి. క్లాసులోకి వచ్చేసరికి ఆ ప్రశ్నలకు చోటు ఉండదు. చోటు ఇస్తే ఏమవుతుందో చూడాలనుకున్నాను.

సిలబస్ బయటి విషయం అనగానే మనం సాధారణంగా చేసేది అదనపు సమాచారం ఇవ్వడం. బ్లాక్ హోల్స్ గురించి ఒక వీడియో, చంద్రయాన్ గురించి ఒక క్విజ్. అవి మంచివే. కానీ వాటిలోనూ చెప్పేది మనమే, వినేది పిల్లలే. సమాధానం ముందే తయారుగా ఉంటుంది, ప్రశ్న దాని వెనకాల వస్తుంది. నాకు కావలసింది సమాధానం వెంటనే దొరకని ప్రశ్న. పిల్లలు తమ చేతులతో కొలవగలిగేది, ఖర్చు లేనిది, నెలల తరబడి నడిచేది కావాలి. నీడ ఆ నాలుగింటికీ సరిపోయింది.

మొదలుపెట్టే ముందే మూడు విషయాలు తేల్చుకున్నాను. ఈ పనికి మార్కులు ఉండవు. ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి, ఇది అందులో చక్కగా ఇమిడిపోతుంది కూడా. అయినా కలపలేదు. ప్రాజెక్టు అనగానే ఒకరు రాస్తే మిగతావాళ్లు దించుకోవడం, గైడ్లో ఉన్నది అందంగా అట్టమీద ఎక్కించడం మన బళ్లలో ఎంత మామూలో టీచర్లందరికీ తెలుసు. రెండోది, పిల్లలు ప్రశ్న అడిగిన రోజే నేను సమాధానం చెప్పను. ప్రశ్నను తేదీ వేసి, అడిగినవాళ్ల పేరుతో రిజిస్టర్లో రాయిస్తాను. కనీసం వారం గడవాలి. మూడోది, ఇష్టమున్నవాళ్లే రావాలి. రానివాళ్లను ఒక్క మాట కూడా అనను.

కర్ర నిలబెట్టడం

సెంట్రింగ్ పనిలో మిగిలిన ఇనుప కడ్డీ ముక్కను ఒక విద్యార్థి తండ్రి ఇచ్చారు. పాత ప్లాస్టిక్ బకెట్‌లో సిమెంటు, కంకర పోసి, పైకి సరిగ్గా 1 మీటరు కనిపించేలా దాన్ని నిలబెట్టాం. నిటారుగా ఉందో లేదో దారానికి రాయి కట్టి చూశాం. గ్రౌండ్‌లో చదునైన చోట కింద సిమెంటు గచ్చు చేయించుకున్నాం. సూర్యుడి వంక నేరుగా చూడకూడదన్నది ఒక్కటే కచ్చితమైన నియమం. తల దించి నీడనే చూడాలి.

మొదటి రోజు కొలతకు ముందు అందరినీ ఒకటే అడిగాను. పన్నెండింటికి నీడ ఎంత ఉంటుంది? దాదాపు అందరూ ఒకే మాట అన్నారు: "ఉండదు సార్, కాళ్ల కిందనే ఉంటది." మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడని చిన్నప్పటి నుంచీ విన్నదే కదా. జూన్ మధ్యలో కొలిస్తే నీడ సుమారు 11 సెంటీమీటర్లు వచ్చింది. అదీ దక్షిణం వైపు పడింది.

వెంటనే అనుమానం కర్ర మీదికి వెళ్లింది. వంకరగా నిలబెట్టామన్నారు. దారం, రాయి తెచ్చి మళ్లీ చూశారు. నిటారుగానే ఉంది. దిక్కు తప్పేమో అన్నారు. దిక్కు కచ్చితంగా ఎలా తెలుసుకోవాలి? ల్యాబ్‌లోని దిక్సూచి చూపిస్తే సరిపోయేది, కానీ ఇంకో దారి ఉందని చెప్పాను. కర్ర మొదలును కేంద్రంగా తాడుతో ఒక వృత్తం గీయాలి. పొద్దున నీడ కొస ఆ వృత్తాన్ని తాకినచోట ఒక గుర్తు పెట్టాలి, మధ్యాహ్నం తర్వాత మళ్లీ తాకినచోట ఇంకో గుర్తు. ఆ రెండింటినీ కలిపే గీత తూర్పు పడమరలు. మన దేశంలో వేల ఏళ్లుగా గుడి కట్టేముందు, యజ్ఞవేదిక వేసేముందు దిక్కులు పట్టిన పద్ధతి ఇదే. దిక్సూచి లేకుండా దిక్కు దొరుకుతుందని తెలిశాక పిల్లలు ఇళ్ల దగ్గర కూడా గీసి చూసుకున్నారు.

దిక్కు సరైనదే. నీడ దక్షిణానికే పడుతోంది. అంటే సూర్యుడు మనకు ఉత్తరాన ఉన్నాడు. ఈ మాట పిల్లలే అన్నారు, నేను అనలేదు. పాఠంలో కర్కట రేఖ, మకర రేఖ చదివారు. సూర్యుడు 23½ డిగ్రీల ఉత్తరం దాకా వెళ్తాడని రాసి మార్కులు తెచ్చుకున్నారు. మనం 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాం కాబట్టి సూర్యుడు మనల్ని దాటి ఉత్తరానికి పోవాలి, అప్పుడు నీడ దక్షిణానికి పడాలి. రెండు ముక్కలూ తెలుసు. ఆ రెండింటినీ ఎవరూ ఎప్పుడూ కలిపి చూడలేదు.

ఆగస్టు మబ్బు

ఉత్తరం నుంచి వెనక్కి వచ్చేటప్పుడు సూర్యుడు ఒక రోజు సరిగ్గా మన నెత్తి మీదుగా పోవాలి. ఆ రోజు మధ్యాహ్నం నిటారు కర్రకు నీడ ఉండదు. మా ఊరికి అది ఏడాదిలో రెండుసార్లు వస్తుంది, మే 8 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 4, 5 తేదీల్లో ఇంకోసారి. మే నెలలో బడికి సెలవులు. ఆగస్టులో బడి ఉంటుంది కానీ మబ్బులు ఉంటాయి. ఆ ఏడాది ఆగస్టు మొదటి వారమంతా ముసురు. రిజిస్టర్లో వరుసగా "మబ్బు", "మబ్బు", "మబ్బు" అని రాశారు.

ఆ మాట రాయడం నాకు ఈ పని మొత్తంలో చాలా ముఖ్యమనిపించింది. మొదట్లో ఒకరిద్దరు మబ్బు రోజుల్లో కూడా అంకెలు వేశారు, నిన్నటి అంకెకు కాస్త తగ్గించి. ఖాళీ వదిలితే తిడతారేమోనన్న భయం. రికార్డు బుక్కుల్లో రీడింగులు "సెట్" చేసే అలవాటు పెద్ద క్లాసుల్లో ఎలా వస్తుందో మనకు తెలుసు, దాని బీజం ఇక్కడే ఉంది. వాళ్లను తిట్టలేదు. కొలవని రోజున కొలవలేదని రాయడం కూడా ఒక రీడింగే అని చెప్పి, "మబ్బు", "ఎవరూ రాలేదు", "కర్ర కదిలింది" అని రాయడానికి పక్కన ఒక గడి గీయించాను. తర్వాత ఆ గడి బాగా నిండింది.

ముసురు తెరిపిచ్చాక చూస్తే నీడ ఉత్తరం వైపుకు మారిపోయి ఉంది. సున్నా నీడ కళ్లతో చూసే అవకాశం పోయింది. పిల్లలకు చాలా బాధ. అప్పుడు ఒక అబ్బాయి గ్రాఫ్ పేపర్ అడిగాడు. కర్ర మొదలు మీదుగా పోయే తూర్పు పడమర గీత నుంచి నీడ కొస జూలై చివర్లో దక్షిణానికి 3 సెంటీమీటర్లు, ఆగస్టు 12 ప్రాంతంలో ఉత్తరానికి దాదాపు 4. దక్షిణం పైన, ఉత్తరం కింద పెట్టి చుక్కలు కలిపాడు. గీత సున్నాను ఆగస్టు 4 దగ్గర దాటింది. చూడని రోజును వాళ్లు లెక్కతో పట్టుకున్నారు. మబ్బు లేకపోతే ఆ గ్రాఫు వచ్చేదే కాదు. లెక్కల సారుకు ఆ కాగితం చూపిస్తే ఆయన దాన్ని క్లాసులో గోడకు అంటించారు.

గడియారం తప్పా, సూర్యుడు తప్పా?

మొదట్లో అందరూ పన్నెండింటికే కొలిచేవాళ్లు. సెప్టెంబర్ మొదట్లో ఒకమ్మాయి పన్నెండుంపావుకు వెళ్లి చూసి, పన్నెండింటి నీడ కన్నా ఇదే చిన్నగా ఉందని వచ్చి చెప్పింది. అసలు నీడ ఎప్పుడు చిన్నదవుతుందో చూద్దామని పది నిమిషాలకోసారి కొలిస్తే ఒక చిక్కు వచ్చింది. ఆ వేళలో నీడ పొడవు చాలా నెమ్మదిగా మారుతుంది. పన్నెండు దాటాక ఓ ఇరవై నిమిషాల పాటు స్కేలు మీద తేడానే కనిపించదు. మధ్య క్షణం ఏదో ఎలా చెప్పాలి?

దీనికి దారి పిల్లలకు తమ వృత్తంలోనే దొరికింది. పొద్దున నీడ వృత్తాన్ని తాకిన సమయం, మధ్యాహ్నం తాకిన సమయం రెండూ తీసుకుని సగం చేయాలి. 10:40కి ఒకసారి, 1:46కి ఒకసారి తాకింది. మధ్య సమయం 12:13. గడియారం పన్నెండు కొట్టిన 13 నిమిషాలకు మాకు అసలు మధ్యాహ్నం అవుతోంది.

ఈ 13 నిమిషాలు ఎక్కడివి అన్న ప్రశ్న రిజిస్టర్లో చాలా రోజులే ఉంది. సమాధానం సోషల్ పాఠంలోనే ఉంది. భారత ప్రామాణిక కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది, ఆ రేఖ కాకినాడ దగ్గరగా పోతుంది. మనం దాదాపు 79¼ దగ్గర ఉన్నాం. తేడా 3¼ డిగ్రీలు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు, కాబట్టి 13 నిమిషాలు. అట్లాసు పట్టుకుని ఈ లెక్క చేసింది చదువులో వెనకబడ్డాడని మేం స్టాఫ్ రూమ్‌లో తరచూ అనుకునే అబ్బాయి. కాకినాడలో ఉన్న మేనమామకు ఫోన్ చేసి అక్కడ నీడ ఎప్పుడు చిన్నదవుతుందో చూడమన్నాడట. ఆయనకు ఎంత సమయం వచ్చిందో నాకు తెలియదు కానీ, ఒక పెద్దమనిషి మేనల్లుడి కోసం ఎండలో కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

అంతటితో అయిపోయిందనుకుంటుండగా నవంబర్ వచ్చింది. నవంబర్ మొదటి వారంలో అదే పద్ధతిలో చూస్తే మధ్య సమయం 11:57 దగ్గర వచ్చింది. రేఖాంశం మారలేదు, మరి 16 నిమిషాలు ఎటు పోయాయి? ఫిబ్రవరి రెండో వారంలో 12:27 అయింది. "గడియారం తప్పా సార్, సూర్యుడు తప్పా?" అని రిజిస్టర్లో రాశారు.

ఇక్కడ నేను చెప్పక తప్పలేదు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి పూర్తి వృత్తం కాదు, జనవరిలో సూర్యుడికి దగ్గరగా ఉండి వేగంగా పోతుంది, జూలైలో దూరంగా ఉండి మెల్లగా పోతుంది. దానికి తోడు అక్షం వంగి ఉంది. ఈ రెండూ కలిసి నీడ చూపే అసలు మధ్యాహ్నాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతాయి. గడియారం ఏడాది సగటును పాటిస్తుంది. ఇది నేను చదువుకునే రోజుల్లో డిగ్రీలో కూడా సరిగ్గా అర్థం కాలేదు. తొమ్మిదో తరగతి పిల్లలు పూర్తిగా అర్థం చేసుకున్నారని అనను. కానీ వాళ్లు కొలిచిన అంకెకు అది కారణమని తెలిసింది. ఆకలి మీద తిన్నట్టే విన్నారు.

చిత్తూరు స్నేహితుడు

చిత్తూరు పట్టణానికి దగ్గర్లో ఒక బడిలో నా స్నేహితుడు సైన్స్ టీచర్. నల్గొండ, చిత్తూరు దాదాపు ఒకే రేఖాంశం మీద ఉంటాయి, ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఈజిప్టులో ఎరటోస్థెనీస్ అనే గ్రీకు పండితుడు చేసిన పని ఇక్కడా చేయవచ్చన్నమాట. ఆయన దక్షిణాన ఉన్న సైయీన్‌లో (ఇప్పటి అస్వాన్) నీడ లేని రోజున అలెగ్జాండ్రియాలో నీడ కోణం 7.2 డిగ్రీలు, అంటే వృత్తంలో 50వ వంతు అని చూసి, రెండు ఊళ్ల దూరాన్ని 50తో గుణించి భూమి చుట్టుకొలత చెప్పాడు. మాకు రెండు చోట్లా నీడ ఉన్నా ఫరవాలేదు, కోణాల తేడా చాలు.

సెప్టెంబర్ 22న రెండు బళ్లలో ఒకేసారి కొలిచాం. 1 మీటరు కర్రకు మా దగ్గర సుమారు 31 సెంటీమీటర్లు, వాళ్ల దగ్గర 23 సెంటీమీటర్లు. తొమ్మిదో తరగతి వాళ్లకు త్రికోణమితి రాదు, అది పదిలో వస్తుంది. అందుకని కాగితం మీద 10 సెంటీమీటర్ల కర్ర, 3.1 సెంటీమీటర్ల నీడ గీసి కోణమానినితో కొలిచారు. 17, 13 డిగ్రీలు వచ్చాయి. తేడా 4 డిగ్రీలు.

ఇక దూరం. మొదట ఆర్టీసీ బస్సు కిలోమీటర్లు వేశారు. అది రోడ్డు దూరం, ఊళ్లన్నీ చుట్టి పోతుంది. ఒకమ్మాయి అట్లాసులో స్కేలు పెట్టి నేరు దూరం సుమారు 425 కిలోమీటర్లని తీసింది. 360ని 4తో భాగిస్తే 90, దాన్ని 425తో గుణిస్తే 38,250 కిలోమీటర్లు. ధ్రువాల మీదుగా భూమి చుట్టుకొలత దాదాపు 40,000. పిల్లలు చప్పట్లు కొట్టారు, రెండు బళ్లలోనూ. ఆ రోజు ఫోన్ స్పీకర్లో అటువైపు కేకలు కూడా విన్నాం.

నా దృష్టిలో ఆ రోజు అసలు సంగతి చప్పట్ల తర్వాత జరిగింది. "కోణం అర డిగ్రీ తప్పు చూసి ఉంటే?" అని ఒకడు అడిగాడు. చేసి చూశాడు. 4½ అయితే 34,000, 3½ అయితే 43,700 పైన. క్లాసు నిశ్శబ్దమైపోయింది. మనకు వచ్చింది మంచి జవాబా, అదృష్టమా? దీన్నెలా మెరుగుపరచాలి? పొడవైన కర్ర కావాలన్నారు. ఇంకా దూరం బడి కావాలన్నారు. నీడ అంచు మసకగా ఉంటుంది, దాన్ని సరిచేయాలన్నారు. దోషం లెక్క ఇంటర్ ఫిజిక్స్ మొదటి పాఠాల్లో వస్తుంది, అక్కడ చాలామంది దాన్ని సూత్రంగా బట్టీ పడతారు. వీళ్లకు అది అవసరమై వచ్చింది.

మసక అంచు గురించి ఇంకో మాట. సూర్యుడు చుక్క కాదు, మన కంటికి అర డిగ్రీ వెడల్పు ఉంటాడు. అందుకే మీటరు ఎత్తు నుంచి పడే నీడ కొస దాదాపు సెంటీమీటరు మేర పలచబడిపోతుంది. కర్ర పైన అట్టముక్క కట్టి దానికి చిన్న రంధ్రం పెడితే నీడలో వెలుగు చుక్క పడుతుంది, దాని మధ్యను గుర్తించడం తేలిక. పిల్లలు రంధ్రాన్ని చతురస్రంగా కత్తిరించారు. చుక్క మాత్రం గుండ్రంగానే పడింది! త్రికోణంగా కత్తిరించారు, మళ్లీ గుండ్రమే. ఎందుకో నేను చెప్పలేదు. నాలుగు రోజుల తర్వాత వేపచెట్టు కింద నేలమీది వెలుగు మచ్చలన్నీ గుండ్రంగానే ఉన్నాయని ఒకరు గమనించి వచ్చారు. 2019 డిసెంబర్ 26 గ్రహణం నాడు అవి నెలవంకల్లా పడ్డాయని, తాము చిన్నప్పుడు చూశామని ఇద్దరు గుర్తు చేసుకున్నారు. అవి సూర్యుడి బొమ్మలని వాళ్లే తేల్చారు. సూదిరంధ్ర కెమెరా పాఠం వాళ్లు అంతకుముందే చదివారు.

సంక్రాంతి ప్రశ్న

రిజిస్టర్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న జనవరిలో వచ్చింది. అడిగిన అమ్మాయి క్లాసులో నోరు తెరవదు, చదవడం కూడా నెమ్మది. కానీ కొలతకు ఒక్కరోజు తప్పలేదు. డిసెంబర్ 22 ప్రాంతంలో నీడ సుమారు 85 సెంటీమీటర్లు, ఏడాదిలో అదే పెద్దది. సంక్రాంతి సెలవులకు ముందు కొలిచేసరికి 81కి తగ్గింది. ఆమె రాసింది ఇది: "పండుగ నాడు కదా ఉత్తరాయణం మొదలయ్యేది. నీడ అంతకుముందే ఎందుకు తగ్గింది?"

దీన్ని వెంటనే విడమరచి చెప్పేయాలని నాకే తొందర వేసింది. ఆపుకున్నాను. సెలవుల్లో తాతను అడిగి రమ్మన్నాను. వాళ్ల తాత రైతు, కార్తెలన్నీ నోటికి వచ్చు. రోహిణి కార్తె ఎప్పుడొస్తుంది, మృగశిర ఎప్పుడు, ఏ కార్తెలో ఏం విత్తాలి అన్నీ చెప్పారట. నీడ సంగతి ఆయనా గమనించారు, డిసెంబర్ చివరి నుంచే ఎండ వరండాలోంచి వెనక్కి పోతుందని. ఎందుకో మాత్రం పంతుల్ని అడగమన్నారు.

మా తెలుగు పండితులు బడికి పంచాంగం తెచ్చారు. సాయనం, నిరయనం అని రెండు లెక్కలున్నాయని చూపించారు. ఒకటి రుతువులను పట్టి నడుస్తుంది, రెండోది నక్షత్రాలను పట్టి. అక్కడి నుంచి నేను అందుకున్నాను. తిరిగే బొంగరం మెల్లగా తల ఊపినట్టు భూమి అక్షం కూడా ఊగుతుంది, ఒక చుట్టు పూర్తి కావడానికి దాదాపు 26,000 ఏళ్లు. అందువల్ల నక్షత్రాల మధ్య లెక్కించే పండుగ, నీడ మారే రోజు నుంచి సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున దూరం జరుగుతూ వచ్చింది. ఇప్పుడు తేడా దాదాపు 24 రోజులు. ఆ అమ్మాయే గుణించింది: 24 × 72 అంటే 1,728. అంటే సుమారు 1,700 ఏళ్ల క్రితం రెండూ ఒకే రోజు పడేవి.

ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకున్నాను. "పండుగ తప్పు, సైన్స్ ఒప్పు" అన్న మాట క్లాసులో రాకుండా చూశాను. అది నిజం కూడా కాదు. నక్షత్రాలను పట్టి లెక్కించడం ఒక పద్ధతి, సూర్యుడి వాలును పట్టి లెక్కించడం ఇంకో పద్ధతి. రెండూ కొలతలే. తాత జ్ఞానాన్ని చిన్నబుచ్చి పిల్లకు సైన్స్ నేర్పితే ఆమె ఇంట్లో ఇక ప్రశ్న అడగదు. ఈ ప్రశ్న పుట్టడానికి తాత కార్తెలు ఎంత అవసరమో మా కర్ర కూడా అంతే అవసరం.

ఎదురైన ఇబ్బందులు

ఒక తండ్రి బడికి వచ్చి, పరీక్షలో రాని దాని కోసం పిల్లను ఎండలో నిలబెడతారా అని గట్టిగానే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కొలతకు పట్టేది భోజనం బెల్లు దగ్గర కొన్ని నిమిషాలేనని, పాఠాల పీరియడ్లు వాడుకోవడం లేదని చూపించాను. రిజిస్టర్ ఆయన చేతికిచ్చాను. కూతురి చేతిరాతలో నెలల తరబడి ఉన్న అంకెలు చూసి ఏమీ అనలేదు, కానీ ఆ తర్వాత అడ్డు చెప్పలేదు.

అసలు పెద్ద ఇబ్బంది పదో తరగతి. పిల్లలు పదికి వెళ్లాక ప్రత్యేక తరగతులు, స్లిప్ టెస్టులు, టెన్షన్. పొద్దున, సాయంత్రం బడిలోనే. ఆ సమయంలో వాళ్లను నీడల దగ్గరికి పిలవడం నాకు సరికాదనిపించింది. అందుకే రిజిస్టర్‌ను ఎనిమిదో తరగతికి అప్పగించమన్నాను. ఎలా కొలవాలో, వృత్తం ఎలా గీయాలో, మబ్బు రోజున ఏం రాయాలో పెద్దవాళ్లే చిన్నవాళ్లకు నేర్పారు. నేను పక్కన కూర్చుని విన్నాను. నేను చెప్పిన దానికన్నా బాగా చెప్పారు, ఎందుకంటే ఎక్కడ తప్పు జరుగుతుందో వాళ్లకు తెలుసు.

క్లాసులో అందరూ ఇందులోకి రాలేదు. ఏడాది చివరిదాకా ఒక్కసారి కూడా కొలవని పిల్లలున్నారు. వాళ్లలో కొందరికి పాటలంటే ప్రాణం, కొందరికి కబడ్డీ. ఒకే పని అందరి కుతూహలాన్నీ లేపుతుందని అనుకోవడం పొరపాటు. ప్రతి టీచరూ తన సబ్జెక్టులో ఇలాంటిది ఒక్కటి నడిపితే ఎవరో ఒకరి దగ్గర ప్రతి పిల్లకూ చోటు దొరుకుతుంది.

దీనివల్ల మార్కులు పెరిగాయని నేను చెప్పను. కొందరికి బాగా వచ్చాయి, కొందరికి మామూలుగా వచ్చాయి, దాన్ని నీడకు ముడిపెట్టే ఆధారం నా దగ్గర లేదు. అలా ముడిపెట్టాల్సిన అవసరం కూడా లేదని నా నమ్మకం. మార్కుల కోసమని చెప్పి కుతూహలాన్ని సమర్థిస్తే, మార్కులు రాని రోజున దాన్ని తీసి పారేయడం తేలికవుతుంది. నాకు కనిపించిన మార్పు రిజిస్టర్లోని ప్రశ్నల్లో ఉంది. జూన్ నాటి ప్రశ్నలు "అక్షాంశం అంటే ఏమిటి", "అయనాంతం అంటే ఏమిటి" అన్నట్టుండేవి, పాఠం చివరి ప్రశ్నల్లా. జనవరి, ఫిబ్రవరికి "ఎందుకు మారింది", "మీకెట్ల తెలుసు", "ఇంకో ఊళ్లో కూడా ఇంతేనా" అని మారాయి. క్లాసులో నేను ఒక విలువ చెబితే, దాన్ని ఎవరు ఎలా కొలిచారని అడగడం మొదలైంది. కాంతి వేగం చెప్పిన రోజు ఆ ప్రశ్నకే పీరియడ్ మొత్తం పోయింది. సిలబస్ ఒక రోజు వెనకబడింది, తర్వాతి వారం కలుపుకున్నాం.

మొదలుపెట్టాలనుకునే టీచర్లకు

ఏ నెలలోనైనా మొదలుపెట్టవచ్చు, కానీ జూన్ మంచిది. నీడ దక్షిణానికి పడటం పిల్లల నమ్మకాన్ని మొదటి రోజే కదిలిస్తుంది. నీడ లేని రోజు ఊరి అక్షాంశాన్ని బట్టి మారుతుంది. తిరుపతిలో ఏప్రిల్ 26, ఆగస్టు 16 ప్రాంతంలో. విజయవాడలో మే 6, ఆగస్టు 6 ప్రాంతంలో. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 4 దగ్గర. విశాఖలో మే 10, ఆగస్టు 2 దగ్గర. ఆదిలాబాద్‌లో మే 18, జూలై 25 దగ్గర. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కావచ్చు, మీ పిల్లలే తేల్చాలి. మే నెలలో బడి ఉండదు కాబట్టి ఇంటి దగ్గర నిటారుగా ఉండే నీళ్ల సీసానో, పైపు ముక్కనో పెట్టి చూడమని సెలవులకు ముందే చెప్పి పంపండి. మా పిల్లలు కొందరు అలా చూసి ఫోటోలు పంపారు.

మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. పన్నెండున్నరకు పిల్లలు వెళ్లిపోతారు, మా దగ్గర ఆ రోజుల్లో నీడ అతి చిన్నదయ్యే వేళ 12:22 ప్రాంతంలో వస్తుంది. బెల్లుకు ముందు ఎనిమిది నిమిషాలు ఉంటుంది, కొలత అయిపోతుంది. ఎండ ముదిరితే టోపీ, నీళ్లు తప్పనిసరి, ఇద్దరి కన్నా ఎక్కువమంది బయట నిలబడనవసరం లేదు.

భాగస్వామి బడిని వెతుక్కునేటప్పుడు తూర్పు పడమరల దూరం కాదు, ఉత్తర దక్షిణాల దూరం చూసుకోండి. ఆదిలాబాద్ జిల్లా బడి, చిత్తూరు జిల్లా బడి కలిస్తే కోణం తేడా 6 డిగ్రీలు దాటుతుంది, మాకన్నా మంచి జవాబు వస్తుంది. మా ఎనిమిదో తరగతి వాళ్లు ఇప్పుడు 2 మీటర్ల కర్రతో, అట్టముక్క రంధ్రంతో మళ్లీ కొలవాలని ఆదిలాబాద్ వైపు ఒక బడి కోసం వెతుకుతున్నారు.